బుగ్గలో మిగిలిన గాలి

ఊపిరి విడవడానికి ఎవరూ గురువు దగ్గరికి పోనక్కరలేదని లోకం నమ్ముతుంది. నిఘంటుకర్తలు సైతం ఆ క్రియకు రెండర్థాలు రాసి, ఉదాహరణలు చదువరులే తెచ్చుకోగలరన్న ధీమాతో తరువాతి మాటకు సాగిపోతారు. లోపలి గాలిని బయటికి పంపడం మొదటి అర్థం. పంపి, మళ్ళీ తీసుకోకపోవడం రెండవది. తమిళనాట రాజపాళయంలో దాసరి తిరుమలసామి వంశం మాత్రం మొదటి అర్థాన్ని ఏడు తరాలుగా విద్యగా అభ్యసించింది. రెండవ అర్థం ఏ ఇంట సిద్ధించినా శంఖంతో ఆ వాకిట హాజరైంది.

నాయకరాజుల కాలంలో తెలుగు కుటుంబాలు ఈ కొండల కిందికి వలస వచ్చినప్పుడు విత్తనాలు, ఎద్దులు, ఇలవేల్పులతో పాటు తమ చావులకు శంఖం ఊదే దాసరిని కూడా వెంట తెచ్చుకున్నాయి. పెళ్ళి చేయించేవాడు ఏ దేశంలోనైనా దొరుకుతాడు, సాగనంపేవాడు మాత్రం మనవాడై ఉండాలి అన్నది ఆనాటి పెద్దల దూరదృష్టి. తరాలు మారాయి. ఎద్దులు పోయాయి. ఇలవేల్పులకు గ్రానైటు మంటపాలు వచ్చాయి. దాసరికి నూలు మిల్లులో ఉద్యోగం వచ్చింది.

శంఖం మాత్రం మారలేదు. దాని శాస్త్రం సంక్షిప్తమైనది, కఠినమైనది. శవం వాకిలి దాటే ముందు దాసరి భుజానికి వేలాడే జేగంటను ఒక్కసారి మోగించి, శంఖం పెదవులకు ఆనించి ఊదడం మొదలుపెట్టాలి. ఆ నాదం మీద నలుగురు పాడె ఎత్తాలి. పాడె వీధిలోకి చేరేదాకా నాదం ఒకే ఊపిరిగా సాగాలి. నడుమ తెగితే పాడెను నేలకు దించి, మొదటినుంచి మళ్ళీ ఎత్తాలి. దించిన పాడె మీదివాడు ఇంట్లోకి తిరిగి వస్తాడని కొందరూ, ఇంట్లోంచి ఒకరిని తోడు తీసుకుపోతాడని మరికొందరూ వాదిస్తారు. ఈ విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. దించకూడదన్న విషయంలో మాత్రం ఉంది.

తిరుమలసామి తండ్రి కాలంలో శంఖం ఒక్కసారీ తెగలేదు. తిరుమలసామి కాలంలోనూ తెగలేదనే ఊరు అనుకుంటోంది. గడచిన రెండేళ్ళుగా ఆ కీర్తిని మోస్తున్నది శంఖం కాదు, జేగంట. ఊపిరి తెగబోయే చోట అతడు గంటను బలంగా మోగించి, ఆ మోత చాటున గుక్కెడు గాలి దొంగిలించేవాడు. ఏడుపుల మధ్య ఆ దొంగతనాన్ని పట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

గాలి ఎందుకు తగ్గిందన్నదానికి సమాధానం మిల్లులో ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా తిరుమలసామి బ్లోరూములో పనిచేస్తున్నాడు. బేళ్ళుగా వచ్చిన పత్తిని యంత్రాలు చీల్చి, బాది, గాలితో ఎగరగొట్టి, అందులోని మట్టినీ ఆకు ముక్కలనూ గింజ పొట్టునూ వేరుచేసే గది అది. వేరైనదానిలో బరువైనది కిందపడుతుంది. తేలికైనది మనుషుల్లోకి పోతుంది. మొదటి పదేళ్ళు అతనికి దగ్గు మాత్రమే ఉండేది. తరువాత సోమవారాలు వచ్చాయి. ఆదివారం సెలవులో వదులైన ఛాతీ, సోమవారం షిఫ్టు మొదలైన రెండు గంటలకే పక్కటెముకల చుట్టూ ఎవరో తడి పంచె మెలిపెట్టినట్టు బిగుసుకునేది. ఇప్పుడు అతనికి వారంలో ఏడు సోమవారాలు.

మదురైలో చూపించుకున్నప్పుడు అక్కడి డాక్టరు, తిరుమలసామి భార్య తాయమ్మాళ్ ఎదుటే చెప్పాడు: ఆ గదిలోంచి బయటపడితే ఉన్న ఊపిరి నిలుస్తుంది, లేదంటే మహా అయితే రెండేళ్ళు. మాట చెప్పి ఊరుకోక కాగితం కూడా రాసిచ్చాడు. మిల్లు ఆ కాగితాన్ని మర్యాదగా అందుకుని, మరింత మర్యాదగా ఫైలులో పెట్టింది. దుమ్ము లేని పనికి మార్చాలంటే మిల్లు డాక్టరు సంతకం కావాలి. గేటు దగ్గర ఒక బల్ల ఉంది; దాని మీద కూర్చుని వచ్చిపోయే లారీల నంబర్లు రాసుకునే మనిషి వచ్చే నెల రిటైరవుతున్నాడు. తిరుమలసామి కోరిన మోక్షం ఆ బల్ల.

మిల్లులో ఆరోగ్య శిబిరం ఒక ఆదివారం పెట్టారు. పనిరోజున పెడితే ఉత్పత్తి ఆగుతుంది కదా. ఆ విధంగా కార్మికుల ఊపిరిని, అది వారంలోకెల్లా బాగుండే రోజున కొలిచే ఏర్పాటు జరిగింది. క్యాంటీనులో బల్ల వేసి, మిల్లు డాక్టరు హరికృష్ణన్ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ యువకుడు, ఇక్కడి తెలుగు కుటుంబంవాడే, మంచివాడు. అతని చేతిలో జానెడు ప్లాస్టిక్ గొట్టం. దాని పక్కన అంకెల గీతలు. ఊదితే ఎర్ర ముల్లు పైకి జరుగుతుంది.

వరసలో తిరుమలసామి వెనక బ్లోరూము మేస్త్రీ వేలుసామి నిలబడ్డాడు.

"ఏమి దాసరన్నా, గొట్టం రొంబ చిన్నదిగా ఉండాదే. నువ్వు ఊదితే పగిలిపోతుందో ఏమో!"

"ముందు నువ్వు ఊదు మేస్త్రీ. నీ నోటి వాసనకే ముల్లు లేచి పరిగెత్తుతుంది."

వరస నవ్వింది. వేలుసామి కూడా నవ్వి, గొంతు కాస్త తగ్గించాడు.

"గేటు పని అడిగినావంటనే? దాసరికే మూచ్చు లేదంటే రేపు మా చావుకు ఎవరు ఊదేది? కళైయరసన్ వ్యానులో రేడియోనా?"

ఊపిరి ఈ ఊరి తెలుగులో మూచ్చు అయి చాలా కాలమైంది. కళైయరసన్ శవాలను మోసే వ్యాను డ్రైవరు. వ్యాను కప్పు మీద అతడు ఒక లౌడ్‌స్పీకరు బిగించాడు. ఏ మహానగరపు స్టూడియోలోనో పుట్టిన శంఖనాదం అందులోంచి, మీట నొక్కితే, నొక్కినంతసేపూ వస్తుంది. వ్యాను వచ్చాక వీధి మలుపులోనూ, కాటి గుమ్మంలోనూ ఊదే రెండు శంఖాలు దానికే పోయాయి. దాసరికి మిగిలింది వాకిలి ఒక్కటే. తిరుమలసామి వంతు వచ్చింది. బలహీనంగా ఊదాలని అతడు అనుకోలేదు. అబద్ధమాడవలసిన అవసరం అతని ఊపిరికి లేదు. ఉన్నది ఉన్నట్టు ఊదితే చాలు.

"బాగా మూచ్చు లాగు పెద్దాయనా. పెదవులు బిగించు. ఒక్క దెబ్బన విడు," అన్నాడు హరికృష్ణన్.

గుండ్రని రంధ్రమేదో పెదవులకు తగిలింది. నలభై ఏళ్ళుగా ఆ పెదవులకు అలాంటి స్పర్శ ఒక్కటే తెలుసు. అవి యజమానిని సంప్రదించలేదు. నాలుక కొన పళ్ళ వెనక అడ్డం నిలిచింది, బుగ్గలు కుండల్లా నిండాయి, నాలుక జారింది. ముల్లు గొట్టం చివరిదాకా దూకి ఠక్కున ఆగింది.

శంఖవిద్యలో ఇది మొదటి పాఠం. శంఖాన్ని నిద్రలేపేది బుగ్గలోని గాలి. లేచినదాన్ని నిలబెట్టేది గుండెలోని గాలి. లేపడం క్షణంలో పని, నిలబెట్టడమే ఊపిరి పని. ఆ గొట్టానికి మాత్రం క్షణమే చాలు. ఊదుడు వాద్యాలవాళ్ళ బుగ్గలు దానిని మోసగించగలవన్న సంగతి వైద్యగ్రంథాల్లో ఒక మూల లేకపోలేదు. అయితే హరికృష్ణన్ చదివిన సంవత్సరం ఆ మూల నుంచి ప్రశ్న రాలేదు.

"అబ్బా!" అన్నాడు డాక్టరు. "ఈ మిల్లులో ఇంత ఎవరికీ రాలేదు. ఇరవై ఏళ్ళ పిల్లవాడి మూచ్చు ఇది!"

క్యాంటీను చప్పట్లు కొట్టింది. సత్యం కోసం చెప్పక తప్పదు: ఆ చప్పట్లకు తిరుమలసామి చిరునవ్వు నవ్వాడు. ఒక్క క్షణమే. తరువాత ఆ అంకె ఏం చేసిందో అర్థమైంది.

"సార్, ఇంకోసారి ఊదుతాను. ఇది... ఇది సరిగ్గా రాలేదు."

రెండోసారి నాలుకను పంటితో నొక్కిపెట్టి, కేవలం ఛాతీతో ఊదాడు. ముల్లు నాలుగోవంతు కూడా ఎక్కలేదు. మూడోసారి అంతకన్నా తగ్గి, దగ్గు తెర ముంచుకొచ్చింది. డాక్టరు ఓపికగా నవ్వాడు.

"పెద్దాయనా, గేటు పనికి ఆశపడినావు, తప్పు లేదు. అందుకని నటించొద్దు. మూడిట్లో పెద్దదే రాసుకునేది, అది రూలు."

రాసుకున్నాడు. అలా ఆనాటి కాగితంలో, ఆ మిల్లులో ఊపిరి మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకోదగిన మనిషిగా తిరుమలసామి నమోదయ్యాడు.

ఇంట్లో తాయమ్మాళ్ తూదువళై ఆకుతో రసం కాచి, గ్లాసు పట్టుకుని గడప మీదే కూర్చుని ఉంది. ఆ ముళ్ళ ఆకు ఛాతీకి మంచిదని ఎవరు చెప్పినా ఆమె నమ్మేది.

"ఏమి చెప్పినారయ్యా?"

"మూచ్చు బాగుండాదంట."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మెట్టు ఎక్కేదానికి మూడుసార్లు నిలబడేవాడివి, నీకా?"

"ఆమా," అని అతడు తల ఊపాడు. "నేను ఊదలేదే, నోరు ఊదింది."

"నోటికి మతి లేదా? ఒక్కసారి నీ మాట వింటే దానికేం పోయేది?" అని ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గ్లాసు తీసి అతని చేతిలో పెట్టింది. "తాగు. చల్లారిపోతాంది."

మూడో రోజు సాయంత్రం తిరుమలసామి డాక్టరు సొంత క్లినిక్కుకు పోయాడు. బిగ్‌షాపర్ సంచిలో శంఖం పెట్టుకుని, తువ్వాలు కప్పి, తన వంతు వచ్చేదాకా బెంచీ మీద ఓర్చుకుని కూర్చున్నాడు.

"సార్, ఆ దినం వచ్చింది మూచ్చు కాదు, బుగ్గ," అని మొదలుపెట్టి, నడుమ నడుమ ఆగుతూ, లేపే గాలికీ నిలిపే గాలికీ గల తారతమ్యాన్ని వివరించాడు. ఏడు తరాల విద్యారహస్యం అంత తక్కువ ధరకు మునుపెన్నడూ వెల్లడి కాలేదు.

హరికృష్ణన్ మర్యాదగా విన్నాడు. "బుగ్గలో మూచ్చు పెట్టుకునేదానికి మనమేమి కోతులా పెద్దాయనా? మా అవ్వ పోయినప్పుడు నువ్వు ఊదినావు, నాకింకా గుర్తుండాది. ఒళ్ళు జలదరించింది. ఆ మనిషికి మూచ్చు లేదని నేనెట్ల రాసేది? నువ్వే చెప్పు."

"అది పదేళ్ళ కింద, సార్. ఇప్పుడు ఊదితే నడుమ తెగిపోతుంది. కావాలంటే చూడండి." తిరుమలసామి సంచిలోకి చెయ్యి పెట్టాడు.

శంఖం అంచు కనబడగానే నర్సు సెల్వి చేతిలోని ట్రే వదిలేసినంత పని చేసింది.

"అయ్యయ్యో! లోపల పెట్టు! లోపల పెట్టు! బయట పేషెంట్లు ఉండారు!"

డాక్టరు కూడా కుర్చీని రెండంగుళాలు వెనక్కి జరుపుకున్నాడు. చావుశంఖం చావు లేని చోట మోగకూడదు. మోగితే ఆ కొరతను అదే తీర్చుకుంటుందని నమ్మనివాళ్ళు ఆ పట్టణంలో ఉంటే, వాళ్ళలో డాక్టర్లు లేరు.

"ఇక్కడ వద్దు పెద్దాయనా. ఎక్కడైనా... ఊదాల్సిన చోట ఊదేటప్పుడు నేను చూస్తాను. నీ శంఖం నా కళ్ళెదుట తెగనీ, ఆ దినమే రాసిస్తాను. నా మాట."

అలా తిరుమలసామికి ఒక దారి దొరికింది. అది ఎవరో ఒకరి వాకిలి గుండా పోయే దారి. తరతరాలుగా ఇతరుల చావులకు పిలుపు వస్తే వెళ్ళిన వంశంలో, తాను బతకడానికి ఇంకొకరి చావు కోసం ఎదురుచూసిన మొదటి దాసరి అతడే. టీకొట్టు దగ్గర ముసలివాళ్ళ క్షేమసమాచారాలు అడగడం మొదలుపెట్టాడు. తన గొంతులోని ఆత్రం తనకే వినబడి, అడిగిన ప్రతిసారీ రెండు రోజులు ఎవరినీ పలకరించకుండా ఉండేవాడు. అయితే ఎవరు పోయినా చాలదు. ఆ చావుకు హరికృష్ణన్ రావాలి. అలాంటి ఇల్లు ఒకటే ఉంది.

చోళపురం దారిలో పొలాలు, పట్టణంలో మిద్దె ఉన్న బాలుసామి హరికృష్ణన్‌కు తాత వరస. తొంభై ఒకటో ఏట మంచం పట్టి, ముక్కుకు ప్లాస్టిక్ గొట్టం, పక్కన గుర్రుగుర్రుమనే ఆక్సిజన్ పెట్టె పెట్టుకుని ఉన్నాడు. ఆ ఇంటి చావులన్నిటికీ దాసరి వంశమే ఊదింది. తిరుమలసామి పరామర్శకు పోయి గుమ్మంలో నిలబడగానే ముసలాయన కళ్ళు తెరిచాడు.

"ఏమిరా దాసరీ, కొలతలు తీసుకునేదానికి వచ్చినావా?"

"అయ్యో, అట్ల కాదు సామీ. చూసి పోదామని..."

"చూడు, చూడు. చూసేదానికి కాసు అడగను." గొట్టం సర్దుకున్నాడు. "ఎందుకురా అట్ల రొప్పుతాండావు? మంచంలో ఉండేది నేను కదా?"

తిరుమలసామి నవ్వబోతే దగ్గు వచ్చింది. ఇద్దరి ఊపిరులూ ఆ గదిలో పోటీపడి, చివరికి ఆక్సిజన్ పెట్టె గెలిచింది.

"నాకు తెలీదనుకుంటాండావా?" అన్నాడు బాలుసామి. "రెండేళ్ళుగా గంట చాటున దాక్కుంటాండావు. మా తమ్ముడి చావుకు గంట ఎనిమిదిసార్లు కొట్టినావు. మీ నాయన ఒకటే కొట్టేవాడు. ఈ ఊరికి చెవులు పోయినాయి, నాకు పోలేదు."

తిరుమలసామి మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. కూర్చుని, ఎవరితోనూ చెప్పనిదంతా చెప్పాడు. బ్లోరూము, బల్ల, గొట్టం, బుగ్గ, డాక్టరు మాట. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మా హరికృష్ణన్‌తో నేను చెప్తే పనైపోతుంది. దాన్లో ఒక చిక్కుండాది. పోయిన ఏడు పొలం పంపకానికి నాకు మతి నిలకడ లేదని వాడే రాసిచ్చినాడు. నా మాట చెల్లదు." కాసేపు పెట్టె శబ్దం విన్నాడు. "సెరి. పంచుకోకుండా మిగిలింది నాకు ఒకటే ఉండాది, నా చావు. అది నువ్వు తీసుకో. వాడు వస్తాడు, ముందు వరసలో నిలబడతాడు. వాడి ఎదుట ఊదు. గంట కొట్టొద్దు. తెగనీ. నా పాడె దించనీ."

"సామీ! అట్ల మాట్లాడొద్దు. మీ పాడె నా వల్ల దించితే..."

"దించితే నేను లేచి ఇంట్లోకి వస్తానా? రానీ, మంచిదే. నా కోడలికి నాలుగు మాటలు బాకీ ఉండాను." బొటనవేలితో గొట్టం పైకి నెట్టాడు. "ఒక్కటే అడిగేది. ఆ వ్యానువాడి రేడియో నా వాకిట్లో వద్దు. కరెంటు మీద బతికినాను ఈ ఆరు నెలలు. పోయేటప్పుడైనా మనిషి ఊపిరి మీద పోతాను. తెగిన ఊపిరైనా సెరి."

తిరుమలసామి రెండు చేతులూ జోడించాడు. రాజ్యాలు దానం చేసినవాళ్ళ కథలు చాలా ఉన్నాయి. తన పాడె కిందపడే హక్కును దానం చేసిన మహానుభావుడికి శాసనం లేదు.

ఈ ఒప్పందం అతడు తాయమ్మాళ్‌కు చెప్పలేదు. ఆ ఇంటి పాడె దించడమన్న మాట వింటేనే ఆమె చెవులు మూసుకునేది. ఆమె ప్రపంచంలో భర్త ఊపిరి కన్నా గొప్పది అతని శంఖం మర్యాద ఒక్కటే, అదీ అతని కోసమే. అంత వివరించడానికి కావలసిన గాలి కూడా ఆ రోజుల్లో అతని దగ్గర మిగలడం లేదు. సాయంత్రాలు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆమె రసం గ్లాసు పెట్టి, అతని భుజాలు ఎగిరి దిగడం చూసేది. ఏదో లెక్కవేసుకుంటున్నట్టు పెదవులు కదిపేది.

మూడు వారాలకు, ఒక శనివారం తెల్లవారుజామున, బాలుసామి ఊపిరి విడిచాడు. రెండవ అర్థంలో. పెట్టె ఆపేయాలన్న సంగతి కాసేపటిదాకా ఎవరికీ తోచక, అది ఉత్త గదికి ప్రాణవాయువు అందిస్తూనే ఉంది.

పది గంటలకు వాకిట్లో షామియానా కింద ఊరు నిండింది. హరికృష్ణన్ తెల్ల చొక్కాతో వచ్చి, గేటు పక్కన, మిల్లు మేనేజరు దగ్గర నిలబడ్డాడు. మేస్త్రీ వేలుసామి పాడె మోసే నలుగురిలో ఒకడు. కళైయరసన్ వ్యానును వెనక్కి నడిపి, తలుపులు గేటుకు ఆనేలా ఆపాడు. తిరుమలసామి అతని దగ్గరికి పోయి, "తంబీ, ఇక్కడ నీ రేడియో వద్దు. పోయినాయన మాట," అన్నాడు. కళైయరసన్ తల ఊపాడు. తల ఊపడంలో కాస్త తొందర ఉంది, కళ్ళలో కాస్త దయ ఉంది. తిరుమలసామి వాటిని గమనించే స్థితిలో లేడు.

అతడు వాకిట్లో నిలబడ్డాడు. నుదుట నామం, భుజాన గంట. హరికృష్ణన్ తనను చూస్తున్నాడని చూసుకున్నాడు. గంటను ఒక్కసారి మోగించాడు. తరువాత, ఊరు ఇదివరకెన్నడూ చూడనట్టుగా, దాన్ని భుజం నుంచి తీసి నేల మీద పెట్టాడు. ఇక దాక్కునే చోటు లేదు. శంఖం పెదవులకు ఆనించాడు.

బుగ్గ తన పని చేసింది. శంఖం లేచింది. ఏడు తరాల గొంతు ఒక్కసారిగా షామియానా గుడ్డను కదిలించి, మిద్దె మీది పావురాలను లేపింది. నలుగురూ పాడె ఎత్తారు. ఒక అడుగు, రెండడుగులు. అక్కడ గుండె వంతు వచ్చింది. అతడు లోపలికి చూసుకున్నాడు. లోపల పత్తి తప్ప ఏమీ లేదు. మూడో అడుగు మీద నాదం సన్నబడింది, వణికింది, తెగింది. పాడె మోసేవాళ్ళ మోకాళ్ళు వంగాయి.

తెగింది. దేవుడా, తెగింది. శంఖాన్ని పెదవుల నుంచి తీయకుండా, ఉబ్బిన బుగ్గలతో, చీకట్లు కమ్మే కళ్ళతో తిరుమలసామి ఆ నిశ్శబ్దాన్ని డాక్టరుకు అందేలా పట్టుకుని నిలబడబోయాడు.

నిశ్శబ్దం రాలేదు.

వ్యాను కప్పు మీద నుంచి శంఖం మోగింది. తెగిన చోటనే, అతుకు తెలియకుండా అందుకుని, గంభీరంగా, నున్నగా, గాలి తీసుకోవలసిన అవసరమే లేని గొంతుతో సాగింది. వంగిన మోకాళ్ళు నిటారయ్యాయి. ముందు కొమ్ము పట్టిన వేలుసామి తిరుమలసామి ముఖంలోకి ఒకసారి చూశాడు. అతనికి తెలిసింది. పక్కనున్న ముగ్గురికీ తెలిసింది. నలుగురూ కళ్ళు దించుకుని, తెలియనివాళ్ళలాగా, దయతో, అడుగులు వేశారు. పూలు చల్లే చేతులూ, ఏడ్చే ఆడవాళ్ళూ నడుమ అడ్డం వచ్చారు. తలల మీదుగా చూస్తున్న హరికృష్ణన్‌కు కనబడింది రెండే: పెదవుల దగ్గర శంఖం, ఉబ్బిన బుగ్గలు. వినబడింది మహత్తరమైన నాదం. మనిషి ఊపిరి మీద పోవాలనుకున్న బాలుసామి, చివరి ఇరవై అడుగులూ కరెంటు మీదే పోయాడు.

తిరుమలసామి శంఖం దించి, గుంపును తోసుకుంటూ గేటు దాకా పోయాడు. డాక్టరు అతన్ని చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ యువకుడి కళ్ళు తడిగా ఉన్నాయి.

"రాజు లెక్కన పంపినావు పెద్దాయనా మా తాతను. నా కళ్ళతో చూసినాను. ఎంత మూచ్చు! ఇంక నీకు ఏ అనుమానమూ వద్దు, నాకూ వద్దు."

తిరుమలసామి నోరు తెరిచాడు. 'అది నేను కాదు' అన్న మాటలు మూడే. మూడు మాటలకు సరిపడా గాలి కావాలి. ఛాతీ ఎగిరింది, దిగింది; నోటినుంచి ఈల వంటిదేదో వచ్చింది. తనకు ఊపిరి లేదని చెప్పడానికి ఊపిరి లేక, చెయ్యెత్తి వ్యాను కప్పును చూపించాడు.

"ఆమా, వ్యాను కదులుతాంది, నేనూ పోవాలి," అని హరికృష్ణన్ అతని భుజం తట్టి, "అలిసిపోయినావు. ఒక జ్యూసు తాగు," అని కారెక్కాడు.

వాకిలి ఖాళీ అయింది. నేల మీది గంట పక్కన తిరుమలసామి కూలబడ్డాడు. తాయమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన గొంతుకూర్చుంది. చాలా కాలం తరువాత ఆమె ముఖం వెలుగుతోంది. చుట్టూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"తెగలేదు. ఎవరికీ తెలీలేదు. కళైయరసన్ చేతులు పట్టుకుని అడిగినాను, మా ఆయన నిలిపిన చోట నువ్వు ఎత్తుకోవాలి తంబీ అని. నువ్వు వద్దన్నా వెయ్యమని నేనే చెప్పినాను. నీ మూచ్చు ఎన్ని అడుగులకు ఆగుతుందో మూడు వారాలుగా లెక్క పెట్టి వాడికి చెప్పినాను. మూడు అని. సెరిగ్గా మూడే." ఆమె నవ్వింది. "నీ మరియాద పోనీలేదయ్యా నేను."

అతడు నీళ్ళు తాగాడు. కాసేపటికి మాట్లాడగలిగినంత గాలి వచ్చింది. ఏం చెప్పాలన్నా ఇప్పుడు చెప్పవచ్చు. ఆమె ముఖం వంక చూశాడు.

"ఎట్ల ఉండింది?" అన్నాడు.

"మీ నాయన ఊదినట్టే."

శంఖాన్ని ఆమె సంచిలో పెట్టుకుంది, గంటను భుజాన వేసుకుంది. ఆ రెండిటినీ మోసే బలం అతనికి లేదని అనలేదు. తనకు మొయ్యాలని ఉందంది. గేటు దగ్గర, పాడెను వ్యానెక్కించి వెనక నిలిచిపోయిన వేలుసామి ఎదురై, చూపు తప్పించి, నేలను చూస్తూ అన్నాడు: "సోమవారం తొందరగా రా దాసరన్నా. కొత్త బేళ్ళు దిగినాయి. రొంబ దుమ్ము."

ఇంటికి పోయే వీధిలో కరెంటు స్తంభాలు పదకొండు. పోయిన ఏడు తిరుమలసామి వాటిలో మూడింటి దగ్గర ఆగేవాడు. ఆ రోజు అన్నిటి దగ్గరా ఆగాడు. ఆగిన ప్రతిచోటా అరుగుల మీదివాళ్ళు లేచి, శంఖం ఎంత బాగా మోగిందో చెప్పారు. తాయమ్మాళ్ అతని తరఫున తల వంచి అందుకుంది. పదకొండో స్తంభాన్ని అతడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇల్లు అక్కడికి ఇరవై అడుగులు.